జవాబు వ్రాయనక్కరలేదు

మా మేనల్లుడు ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజున మా యింట్లో పెద్దలందరం కూర్చుని చేసిన మొట్టమొదటి తీర్మానం ఏమిటనుకున్నారు? ఇరుగుపొరుగు వారికి ఏం చెప్పాలన్నది! "విషజ్వరం, నాలుగు రోజులు ఆస్పత్రిలో వుంచారు" అని చెప్పాలని నిర్ణయమయింది. మా ఆవిడా, మా చెల్లెలూ, నేనూ ముగ్గురం ఒక్క మాట మీదనే వుండాలని ఒట్లు కూడా వేసుకున్నాం. అబ్బాయితో ఏం మాట్లాడాలి, అబ్బాయిని ఏం అడగాలి అన్న ఆలోచన ఆ పూట మాలో ఒక్కరికీ రాలేదు.

ఇది జరిగి పధ్నాలుగు నెలలయింది. ఇప్పుడు ఈ సంగతులు వ్రాయడానికి వాడి అనుమతి తీసుకున్నాను. "పేరు వెయ్యకండి మామయ్యా, మిగతాది మీ యిష్టం" అన్నాడు. అందుచేత ఇందులో వాడికి పేరు లేదు. ఆస్పత్రికీ పేరు లేదు.

మేముండేది మౌలాలిలో. గుట్ట మీద దర్గా, గుట్ట కింద కాలనీలు, ఇవతల రైలు పట్టాలు, లోకో షెడ్డు. నేను రైల్వేలో గుమాస్తాగా చేరి, హెడ్ క్లర్కుగా రిటైరయినవాణ్ణి. మేడమీద వాటాలో మా చెల్లెలూ, వాళ్లబ్బాయీ వుంటారు. మా బావగారు పోయి తొమ్మిదేళ్లయింది. వాడికి ఇరవై మూడేళ్లు. డిగ్రీ అయింది. పోటీ పరీక్షలు వ్రాస్తూ వుండేవాడు.

"ఎందుకు చేశాడు?" అని అడగనివారు లేరు, తెలిసిన ఆ నలుగురైదుగురిలోనూ. ఒకరు పరీక్ష అన్నారు, ఒకరు అమ్మాయి అన్నారు, మరొకరు సెల్‌ఫోను అన్నారు. నేనూ చాలా రోజులు అలాంటి ఒక్క కారణం కోసమే వెతికాను. అది దొరికితే తీసి అవతల పారెయ్యవచ్చునని నా ఆశ. అలాంటిదేమీ దొరకలేదు. నిద్ర లేకపోవడం, అప్పులు, ఓటమి, లోపల ఎన్నాళ్లనుంచో పేరుకుపోయిన దిగులు, ఆ దిగులును జబ్బని ఎవరూ అనుకోకపోవడం, అన్నీ కలిసి ఒక రాత్రి వాడి మీద పడ్డాయి. అంతే.

ఆస్పత్రిలో వాడి ప్రాణం కాపాడారు. ఆ డాక్టర్లకు చేతులెత్తి నమస్కరిస్తాను. కాని ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో మూడు మాత్రల పేర్లూ, 'వారం తర్వాత రావలెను' అన్న ముక్కా వున్నాయి. ఎవరి దగ్గరకు రావాలి, ఎందుకు రావాలి అన్నది లేదు. వారం తర్వాత వెళితే రక్తం పరీక్ష చేసి, "అంతా నార్మల్" అన్నారు. శరీరం నార్మలే మరి!

ఇంతలో ఒక పోలీసు జవాను వచ్చి వాంగ్మూలం వ్రాసుకుని వెళ్లాడు. ఆ రాత్రి మా చెల్లెలు నిద్రపోలేదు. "అన్నయ్యా, కేసు పెడతారా? వాడికిక సర్కారు వుద్యోగం రాదా?" అని ఒకటే ఏడుపు. నాకూ సరిగ్గా తెలియదు. మర్నాడు మా పాత సహోద్యోగి, ఇప్పుడు లా ప్రాక్టీసు చేస్తున్నాయన, దగ్గరకు పరుగెత్తాను.

ఆయన చెప్పినదాన్ని బట్టి ఈ సెక్షను కథ పెద్దదే. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడులో 309వ సెక్షను అని ఒకటి వుండేది. ప్రాణం తీసుకోబోయి బతికినవాడికి ఏడాది వరకూ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఈ సెక్షను న్యాయమేనని మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1987లో చెప్పింది. కాదని 1994లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. రెండేళ్లు తిరక్కుండానే, 1996లో, అదే కోర్టులో అయిదుగురు న్యాయమూర్తుల బెంచి దాన్ని మళ్లీ నిలబెట్టింది. చివరకు 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 115వ సెక్షనులో, అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో వున్నట్టే భావించాలి, రుజువైతే తప్ప, అతన్ని శిక్షించరాదు అన్నది. ఆ చట్టం 2018 మే 29 నుంచి అమలులోకి వచ్చింది. 2024 జూలై 1న పీనల్ కోడు పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చినప్పుడు 309 అందులోకి రానే లేదు. ప్రభుత్వోద్యోగిని బెదిరించి పని ఆపించడానికి ఆ పని చేయబోతే మాత్రం శిక్ష వుంది. అది వేరే సంగతి.

"మీ అబ్బాయి మీద కేసేమీ వుండదు. ఆస్పత్రివాళ్లు కబురు చేస్తారు, పోలీసులు వ్రాసుకుంటారు, అంతవరకే," అన్నాడాయన. తర్వాత చట్టం పుస్తకంలో ఒక వాక్యం మీద వేలు పెట్టి చూపించాడు. ఆత్మహత్యకు యత్నించిన మనిషికి సంరక్షణ, చికిత్స, పునరావాసం కల్పించి, మళ్లీ ఆ ప్రమాదం రాకుండా చూడటం ప్రభుత్వం విధి అని అదే సెక్షను రెండో భాగంలో వుంది. మూడు మాత్రల పేర్లున్న మా కాగితం అప్పుడు నా జేబులోనే వున్నది. తీసి చూసుకుని మళ్లీ మడిచి పెట్టుకున్నాను.

అన్నట్టు, మన మాటలోనే 'హత్య' వున్నది గదా. హత్య చేయబోయినవాణ్ణి చూసినట్టే ఇంట్లోవాళ్లం కూడా చూస్తాం. పల్లెల్లో ఆడవాళ్లు 'అఘాయిత్యం' అంటారు. అందులోనూ తప్పు చేశాడన్న ధ్వనే. జబ్బుపడి లేచినవాడు అన్న మాట మనకు తట్టదు.

మేమూ అలాగే చూశాం. మేడమీద గది గడియ తీసేయించాను. రాత్రి రెండింటికి లేచి మెట్లెక్కి చూసి వచ్చేవాణ్ణి. వాడు స్నానానికి వెళితే మా చెల్లెలు తలుపు బయట నిలబడేది. వాడి ముందు మాత్రం క్రికెట్టు గురించీ, కూరల ధరల గురించీ మాట్లాడేవాళ్లం. పదో రోజున కాబోలు, వాడు కంచం ముందునుంచి లేచి, "మామయ్యా, నన్ను దొంగను కాసినట్టు కాస్తున్నారు, అడగవలసింది మాత్రం ఎవరూ అడగరు" అని పైకి వెళ్లిపోయాడు.

మా వీధి చివర ఒకావిడ వున్నారు. గవర్నమెంటు ఆస్పత్రిలో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయిన సిస్టరు. కాలనీలో ఎవరికి బి.పి. చూడాలన్నా, పిల్లలకు జ్వరం వచ్చినా ఆవిడ గేటు ముందు ఆగవలసిందే. మా విషజ్వరం కథ ఆవిడ దగ్గర అరనిమిషం నిలబడలేదు. "అన్నయ్యగారూ, నేను క్యాజువాలిటీలో ఎన్ని కేసులు చూశానో మీకు తెలుసా? కూర్చోండి" అన్నారు.

ఆ కూర్చోవడం రెండు గంటలయింది.

"గుండెపోటు వచ్చినాయన్ని నెలనెలా డాక్టరు దగ్గరకు తీసుకువెళతారు. మెట్లెక్కవద్దంటారు, ఉప్పు తగ్గిస్తారు, ఆఫీసువాళ్లు వచ్చి చూసి వెళతారు. ఈ పిల్లవాడిది అంతకంటె తక్కువ జబ్బా? మళ్లీ వచ్చే భయం దీనికీ వుంది. ఇంటికి వచ్చిన మొదటి వారాల్లోనే అది ఎక్కువ. మీరేమో ఇంటికి వచ్చాడు, గండం గడిచిందనుకున్నారు" అన్నారావిడ. నా ముఖం చూసి కాబోలు, వెంటనే మరో మాట కలిపారు: "భయపడకండి. ఇలా బతికి బయటపడ్డవాళ్లలో పదిమందికి తొమ్మండుగురు ఆ తర్వాత ఆ విధంగా పోరు. సంసారాలు చేసుకుంటారు, మనవలను ఎత్తుకుంటారు. నేను చూశాను."

ఆవిడ చెప్పినవాటిలో నన్ను పట్టుకున్నది మద్రాసు సంగతి. మద్రాసులో 1986లో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ 'స్నేహ' అనే సంస్థను స్థాపించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు దేశాలలో ఒక పరిశోధన జరిపింది. మన దేశంలో చెన్నై, పక్కన శ్రీలంకలో కొలంబో, బ్రెజిల్, ఇరాన్, చైనాలలో ఒక్కొక్క వూరు. ఆత్మహత్యాయత్నం చేసి ఆస్పత్రికి వచ్చిన 1,867 మందిని తీసుకుని, రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి మామూలుగా జరిగే వైద్యం. రెండో భాగానికి ఆ వైద్యంతోపాటు, ఇంటికి పంపే ముందు ఒక గంటసేపు కూర్చోబెట్టి మాట్లాడటం, ఆ తర్వాత పద్దెనిమిది నెలలలో తొమ్మిదిసార్లు ఫోను చేసో, ఇంటికి వెళ్లో పలకరించడం. పెద్ద మందు లేదు, యంత్రం లేదు. పలకరింపు! పద్దెనిమిది నెలలు గడిచాక లెక్క చూస్తే, మామూలు వైద్యం జరిగిన భాగంలో 18 మంది ఆత్మహత్య వల్ల పోయారు. పలకరించిన భాగంలో ఇద్దరు. ఈ లెక్క 2008లో అచ్చయింది.

తొమ్మిదిసార్లంటే ఎప్పుడెప్పుడు? ఒకటో వారం, రెండో వారం, నాలుగు, ఏడు, పదకొండు వారాలు, ఆ తర్వాత నాలుగో నెల, ఆరో నెల, ఏడాదికి, ఏడాదిన్నరకు. ఇంటికి వచ్చి గోడమీది రైల్వే కేలెండరులో ఎర్ర పెన్సిలుతో గుర్తులు పెట్టుకున్నాను. మొదటి రెండు గళ్లూ అప్పటికే దాటిపోయాయి.

ఇక అడగడం. అదే నాకు అన్నిటికంటె కష్టమయింది. అడిగితే, మరచిపోయినవాడికి మనమే గుర్తుచేసినట్టవుతుందని నా భయం. "ఎవరూ మరచిపోరు అన్నయ్యగారూ. అడిగితే కొత్తగా ఆ ఆలోచన పుట్టదు. వున్న ఆలోచనను ఒక్కడే మోయడం తప్పుతుంది. డొంకతిరుగుడు వద్దు, సూటిగా అడగండి" అని సిస్టరుగారు రెండు మూడుసార్లు చెప్పారు. చెప్పడానికేం, నోరు రావద్దూ?

ఒక సాయంత్రం వాణ్ణి టీకి తీసుకువెళ్లాను. ఇరానీ హోటలు. రెండు టీలు, ఒక ప్లేటు ఉస్మానియా బిస్కెట్లు. గూడ్సు బండి ఒకటి పోతూంటే గాజు గ్లాసులు టకటకమన్నాయి. ఆ చప్పుడు ఆగేవరకూ ఆగి అడిగాను. "ఒరేయ్, చచ్చిపోవాలని ఇంకా అనిపిస్తోందా?"

వాడు బిస్కెట్టు టీలో ముంచి అలాగే వుంచేశాడు. అది విరిగి గ్లాసులో పడిపోయింది. "నిన్న అనిపించలేదు. మొన్న అనిపించింది" అన్నాడు.

ఉద్యోగంలో ముప్ఫై నాలుగేళ్లు ఎన్నో ఫైళ్లకు జవాబులు వ్రాశాను. ఆ మాటకు ఏం జవాబు చెప్పాలో నాకు తెలియలేదు. నీతులు చెప్పవద్దని సిస్టరుగారు ముందే నా నోరు కట్టేశారు కనుక బతికిపోయాను. "మొన్న ఎప్పుడు?" అన్నాను. "రాత్రి." "అప్పుడేం చేశావు?" "అమ్మ గురక వింటూ పడుకున్నా." ఇద్దరికీ నవ్వు వచ్చింది. మరి రెండు టీలు చెప్పాను. హోటలు కట్టేసేవరకూ అక్కడే వున్నాం. మాట్లాడింది ఎక్కువ వాడే.

తర్వాతి వారంలో నాలుగైదు పనులు ఒకదాని వెంట ఒకటి జరిగాయి. వాణ్ణి మానసిక వైద్యుడికి చూపించాం. దిగులు జబ్బుకు మందులిచ్చారు. అవి పట్టడానికి రెండు మూడు వారాలు, ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువే పడుతుందనీ, కాస్త బాగుందని మధ్యలో మానకూడదనీ చెప్పారు. మా ఇంట్లో వున్న మాత్రలన్నీ, మా ఆవిడ షుగరు మాత్రలూ నా బి.పి. మాత్రలూ సహా, డబ్బాలో పెట్టి సిస్టరుగారింట్లో ఇచ్చాం. వారం వారం లెక్కపెట్టి ఇచ్చేవారు. నాకు మొదట నామోషీ అనిపించిన మాట నిజం. కాని ఈ ఆలోచన ఒక కెరటంలాంటిదట. లేచిన కాస్సేపట్లో చేతికందే దూరంలో అపాయం లేకపోతే, అది విరిగి వెనక్కు పోతుంది. తమిళనాడులో రెండు పల్లెల్లో 'స్నేహ'వారు పురుగుమందులను ఇళ్లలో వుంచకుండా, బ్యాంకు లాకర్ల వంటి పెట్టెల్లో పెట్టి తాళం వేసే ఏర్పాటు చేశారు. శ్రీలంకలో బాగా విషపూరితమైన పురుగుమందులను 1995లోనూ 1998లోనూ నిషేధించాక, పదేళ్లు తిరిగేసరికి దేశం మొత్తం మీద ఆత్మహత్యలు సగానికి సగం తగ్గాయి. సిస్టరుగారి బీరువాలో మా మాత్రల డబ్బా కూడా ఆ కోవలోదే.

ఒక కాగితం కూడా తయారయింది. కష్టం రాబోతున్నదని తెలిసే గుర్తులేమిటి, అప్పుడు తనంతట తాను చెయ్యగలిగిందేమిటి, ఎవరి దగ్గరకు వెళ్లాలి, ఎవరికి ఫోను చెయ్యాలి అన్నవి రోగి తన చేత్తో తానే వ్రాసుకోవాలి. డాక్టరుగారు దగ్గర కూర్చుని వ్రాయించారు. మనుషుల జాబితాలో మొదటి పేరు వాడి స్నేహితుడిది, రెండోది సిస్టరుగారిది. నేను మూడోవాణ్ణి! చిన్నబుచ్చుకున్నానని దాచను. అట్టడుగున 14416 అన్న అంకె వుంది. అది 2022 అక్టోబరు 10న మొదలయిన 'టెలి మానస్' ఫోను. ప్రభుత్వానిదే, పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. సికింద్రాబాదు సింధీ కాలనీలో 'రోష్నీ' అనే సంస్థ కూడా ఏళ్ల తరబడి ఈ పని చేస్తున్నది. అక్కడ స్వచ్ఛందంగా వచ్చినవారు ఫోనులో వింటారు. ఎవరిదన్నది బయటకు పొక్కనివ్వరు. లండనులో 1953లో ఛాద్ వరా అనే మతగురువు ఒక చర్చిలో ఒక ఫోను పెట్టుకుని ఈ పద్ధతి మొదలుపెట్టాడు. ఫోను చేసినవారితో మాట్లాడే నిపుణుడి కంటె, ఆయన కోసం కాచుకున్నప్పుడు టీ ఇచ్చి కబుర్లు చెప్పే సామాన్యుల దగ్గరే చాలామందికి మనసు తేలికపడుతున్నదని ఆయన కనిపెట్టాడట. మా ఇరానీ హోటలు గుర్తుకు వచ్చింది.

నాలుగో నెలలో వాడు కాజీపేట వెళ్లాడు. జాబితాలో మొదటి పేరు చెప్పానే, ఆ స్నేహితుడికి అక్కడ ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం వుంది. లెక్కలు చూడమని పిలిచాడు. డాక్టరుగారు సరేనన్నారు. నెలకొకసారి వచ్చి చూపించుకోవాలని షరతు. మా చెల్లెలు మాత్రం రైలు కదిలేవరకూ కిటికీ చువ్వ వదలలేదు.

ఇక్కడినుంచి పలకరింపు ఎలాగ? ఫోను చేస్తే "బాగున్నా" అంటాడు. ఆ ఒక్క మాటలో ఏముందో వెతుక్కుంటూ మేము ఇక్కడ రాత్రంతా కూర్చోవాలి. రెండుసార్లు చేస్తే విసుక్కుంటాడు. అప్పుడు సిస్టరుగారు మరో సంగతి చెప్పారు. అమెరికాలో, శాన్‌ఫ్రాన్సిస్కోలో, జెరోమ్ మాటో అని ఒక డాక్టరుండేవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో వుండగా ఒక అమ్మాయి వ్రాసిన ఉత్తరాలు తనకెంత ఊరటనిచ్చాయో ఆయన మరచిపోలేదు. 1969లో మొదలుపెట్టి, ఆస్పత్రి నుంచి వెళ్లాక ఇక చికిత్స వద్దన్న 843 మందిని తీసుకుని, వారిలో సగంమందికి చిన్న చిన్న ఉత్తరాలు వ్రాయించాడు. మీరు ఇక్కడనుంచి వెళ్లి కొంతకాలమయింది, కులాసాగా వున్నారని తలుస్తాం, వ్రాయాలనిపిస్తే వ్రాయండి — ఇంతే సారాంశం. రమ్మని లేదు, మందులు వేసుకున్నావా అని లేదు. అయిదేళ్లలో ఇరవై నాలుగు ఉత్తరాలు. మొదటి రెండేళ్లలో ఉత్తరాలు అందినవారిలో ఆత్మహత్యలు స్పష్టంగా తక్కువ. ఆస్ట్రేలియాలో పోస్టుకార్డులతో చేసి చూస్తే, మళ్లీ మళ్లీ ఆస్పత్రికి రావలసిన సందర్భాలు దాదాపు సగం తగ్గాయి. అన్నిచోట్లా ఇలాగే జరిగిందని చెబితే అబద్ధమవుతుంది. న్యూజిలాండులో కార్డుల వల్ల పెద్ద తేడా కనిపించలేదు. కాని కార్డు ముక్క వల్ల చెడిందని మాత్రం ఎవరూ అనలేదు.

పోస్టాఫీసుకు వెళ్లి పాతిక కార్డులు అడిగితే గుమాస్తా కళ్లజోడు సర్దుకుని నావంక వింతగా చూశాడు.

పోస్టుకార్డు అంటే దారిలో పదిమంది చదివేది. కనుక అందులో ఆ విషయం వుండకూడదు. మొదటి కార్డు మీద ఏం వ్రాయాలో తోచక గంటసేపు కూర్చున్నాను. చివరకు, 'మీ అమ్మ చింతకాయ పచ్చడి నూరింది. ఈసారి ఉప్పు సరిపోయింది. గుట్టమీద దీపాలు మన డాబామీదికి బాగా కనిపిస్తున్నాయి. జవాబు వ్రాయనక్కరలేదు' అని వ్రాసి వేశాను. ఆ తర్వాత నెలకొకటి. లోకో షెడ్డు దగ్గర చింతచెట్టు కొట్టేశారని ఒకటి. సిస్టరుగారి కుక్క పిల్లల్ని పెట్టిందని ఒకటి. ప్రతి కార్డు చివరా ఆ ఒక్క వాక్యం మాత్రం తప్పదు. వాడు నిజంగానే ఒక్కదానికీ జవాబు వ్రాయలేదు. చదువుతున్నాడో, దుకాణంలో చిత్తుకాగితాల్లో పోతున్నాయో కూడా తెలియదు. మా ఆవిడ, "ఈ కార్డుల పిచ్చి ఏమిటండీ, ఫోను లేదా?" అని దెప్పుతూనే వుండేది.

మధ్యలో ఒకసారి, ఎనిమిదో నెలలో, రాత్రి పదకొండింటికి వాడి స్నేహితుడు ఫోను చేశాడు. మనిషి రెండు రోజులుగా అన్నం తినడం లేదు, మాట్లాడటం లేదు. కాగితం తియ్యమన్నాను. వాడి షర్టు జేబులోనే వుందట, మడతలు చిరిగిపోయి. ఇద్దరూ కూర్చుని అందులోని అంకెకు ఫోను చేశారు. తెల్లవారి మొదటి బండిలో వాణ్ణి తీసుకువచ్చాడు. డాక్టరుగారు మందు మోతాదు మార్చారు. పదిరోజులు ఇక్కడే వుండి వెళ్లాడు. ఆ పది రోజులూ గది గడియ గడియగానే వుంది. నేను మెట్లెక్కలేదు. పొద్దున్నా సాయంత్రం సూటిగా అడిగేవాణ్ణి, వాడు సూటిగా చెప్పేవాడు. ఆ రెండు మాటలూ అయిపోయాక నిజంగా క్రికెట్టే మాట్లాడుకున్నాం.

మన దేశంలో 2022వ సంవత్సరం ఒక్కదానిలోనే 1,70,924 మంది ఇలా పోయారని సర్కారు లెక్క. ఆ ఏడాది నవంబరులోనే జాతీయ ఆత్మహత్యా నివారణ వ్యూహాన్ని ప్రకటించి, 2030 నాటికి ఈ మరణాలు పదిశాతం తగ్గాలన్నారు. వ్యూహాలు వ్రాసే పెద్దలకు, రిటైరయిన గుమాస్తాగా ఒక్క విన్నపం చేసుకుంటాను. ఆస్పత్రినుంచి ఇంటికి పంపే కాగితం మీద ఒక్క గీత ఎక్కువ కొట్టించండి. 'ఈ రోగిని పలకరించేవారు:' అని వ్రాసి, పక్కన ఒక పేరూ, ఒక తేదీ. ఫారం మార్చడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను.

పన్నెండో నెల కార్డు వేళకు నాకు జ్వరం వచ్చింది. ఈసారి నిజంగా విషజ్వరమే. వారం రోజులు మంచం దిగలేదు. కేలెండరులో ఎర్ర గుర్తు దాటిపోయి అయిదారు రోజులయింది. ఒక మధ్యాహ్నం ఫోను మోగింది.

"మామయ్యా, కార్డు రాలేదేం? ఒంట్లో బాగాలేదా?"

"జ్వరంరా" అన్నాను.

"డాక్టరుకు చూపించారా? మాత్రలు వేసుకుంటున్నారా?"

"సిస్టరుగారు రోజూ లెక్కపెట్టి పంపిస్తున్నారు" అన్నాను.

"ఆఁ, అయితే సరే," అన్నాడు. "శనివారం వస్తున్నా. చింతకాయ పచ్చడి వుంచమనండి అమ్మను."